క్లిక్కులు వేరు, పల్సులు వేరు: పాడైన ఎన్‌కోడర్‌కి జోడీ వెతికే పద్ధతి

రొట్టెల పండగకు పది రోజుల ముందు బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక సౌండ్ సిస్టమ్ కుర్రాడు డిజిటల్ మిక్సర్‌ని ఒళ్లో పెట్టుకుని, బండి వెనక కూర్చుని నెల్లూరు వచ్చాడు. "పెంచితే తగ్గతా ఉండాదన్నా, తగ్గిస్తే పెరగతా ఉండాది. దయ్యం పట్టినట్టుంది దీనికి" అన్నాడు. నాబ్ తిప్పి చూశాను. కుడికి నాలుగు క్లిక్కులు తిప్పితే రెండుసార్లు అంకె పెరిగింది, ఒకసారి తగ్గింది, ఒకసారి కదల్లేదు. రోటరీ ఎన్‌కోడర్ (నాబ్ కింద ఉండి, ఎటు తిప్పామో ఎంత తిప్పామో బోర్డుకి చెప్పే ముక్క) పోయిందని తెలిసిపోయింది. "అరగంట పని తమ్ముడూ, టెన్షన్ పడబాక" అన్నాను.

ఆ అరగంట పనికి ఐదు రోజులు పట్టింది. అందులో నాలుగు రోజులు నా తొందరపాటు ఖాతాలోకే పోతాయి. చూడ్డానికి అచ్చం అలాగే ఉన్న ముక్క తెప్పించి వేశాను. పిన్నులు సరిపోయాయి, నాబ్ బిగిసింది, అయినా పని చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో తెలియాలంటే అసలీ ముక్క లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

మన దగ్గర షాపుకెళ్లి "తిప్పే కంట్రోల్ పోయింది" అంటే నూటికి తొంభైసార్లు చేతిలో పెట్టేది పొటెన్షియోమీటర్. పాత టేప్‌రికార్డర్లలో, యాంప్లిఫయర్లలో ఉండే వాల్యూమ్ కంట్రోల్ అదే. లోపల ఒక కార్బన్ పట్టీ, దాని మీద జారే ఒక కాంటాక్ట్. దాదాపు 270 నుంచి 300 డిగ్రీలు తిరిగి రెండు కొసల్లోనూ ఆగిపోతుంది. మల్టీమీటర్ పెట్టి తిప్పితే ఓమ్‌లు మెల్లగా పెరుగుతూనో తగ్గుతూనో కనిపిస్తాయి. ఎన్‌కోడర్‌కి కొస అనేది లేదు, గానుగెద్దులా ఎంతసేపైనా తిరుగుతుంది. మీటర్ పెడితే ఉంటే కనెక్షన్, లేకపోతే లేదు, మధ్యలో విలువలుండవు. దీనికీ మూడు పిన్నులే, దానికీ మూడు పిన్నులే, అందుకే కంగాళీ. నొక్కితే పనిచేసే స్విచ్ కూడా ఉంటే ఎదురువైపు ఇంకో రెండు పిన్నులు వస్తాయి.

తానెక్కడుందో ఎన్‌కోడర్‌కి తెలియదు. ఎటు కదిలింది, ఎంత కదిలింది, ఇంతవరకే చెబుతుంది. వాల్యూమ్ 34లో ఉందన్న జ్ఞాపకం బోర్డు మీది చిప్‌ది. లోపల ఖాళీలు కోసిన ఒక రేకు బిళ్ల, దాన్ని రాసుకుంటూ పోయే స్ప్రింగు వేళ్లు ఉంటాయి. ఒక వేలు 'ఏ', ఒకటి 'బి', ఇంకోటి ఈ రెంటికీ ఉమ్మడిగా ఉండే 'సి'. మామూలుగా మూడు పిన్నుల్లో మధ్యది సి. కిటుకంతా ఏ, బీలను ఒకేసారి తగలకుండా పావు వంతు జరిపి పెట్టడంలో ఉంది. కుడికి తిప్పితే ముందు ఏ తగులుతుంది, తర్వాత రెండూ తగులుతాయి, తర్వాత ఏ వదిలేసి బి ఒక్కటే ఉంటుంది, ఆపైన రెండూ వదిలేస్తాయి. ఎడమకు తిప్పితే ఇదే వరుస తిరగబడుతుంది. ఈ నాలుగు దశల చుట్టే ఒక పల్సు. ఎవరు ముందొచ్చారో చూసి దిక్కు, ఎన్ని చుట్లయ్యాయో చూసి దూరం, చిప్ లెక్కకట్టుకుంటుంది.

ఒక దశ నుంచి పక్క దశకు పోయేటప్పుడు ఒక్క కాంటాక్టే మారుతుంది, రెండూ ఒకేసారి మారవు. ఇలాంటి వరుసను గ్రే కోడ్ అంటారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో పనిచేసిన ఫ్రాంక్ గ్రే 1947లో దరఖాస్తు చేసి 1953లో దీని మీద పేటెంట్ పొందాడు. ఆయన ఆలోచించింది నాబ్‌ల గురించి కాదు, సిగ్నల్‌ను కోడ్‌గా మార్చే వాక్యూమ్ ట్యూబు గురించి. అదిప్పుడు మన మిక్సర్ నాబ్ కింద పనిచేస్తోంది.

ఇక దయ్యం సంగతి. లోపలి గ్రీజు గట్టిపడినా, రేకు మీద చిలుము పట్టినా ఒక వేలు తగలాల్సిన చోట తగలదు, లేదా తగిలి వదిలి మళ్లీ తగులుతుంది. 'ఏ' రావాల్సిన క్షణంలో రాక 'బి' ముందు కనిపిస్తే, చిప్ దృష్టిలో మీరు ఎడమకు తిప్పినట్టే. పెంచితే తగ్గేది అందుకే. ఈ ముక్కల ఆయుష్షు కూడా మనం అనుకున్నంత ఏమీ కాదు. ఎక్కువగా కనిపించే ఆల్ప్స్ కంపెనీ ఈసీ11 రకానికి తయారీదారు చెప్పేది 15,000 సైకిళ్లు, బోర్న్స్ కంపెనీ పీఈసీ11ఆర్‌కి 30,000. ఒక సైకిల్‌ని ఒక చుట్టు అనుకుని, రోజుకు పది చుట్లు తిప్పారనుకున్నా 15,000 అంటే నాలుగేళ్ల పైచిలుకు. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ఉప్పుగాలిలో, రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో ఉండే సామానుకు అంత ఆయుష్షు కూడా ఆశించొద్దు. అక్కణ్నుంచి వచ్చే బోర్డుల మీద పచ్చటి చిలుము లేని రోజు నాకు గుర్తులేదు.

కాబట్టి కొత్తది కొనే ముందు రెండు పనులు చెయ్యాలి. కరెంటు తీసేసి, షాఫ్టు (నాబ్ తొడిగే కడ్డీ) పక్క సందులోంచి రెండు చుక్కలు ఐసోప్రొపైల్ ఆల్కహాలో, కాంటాక్ట్ క్లీనరో వేసి అటూ ఇటూ ఓ యాభైసార్లు తిప్పండి. కొన్ని అప్పుడే కోలుకుంటాయి, కొన్ని నెలలు బతుకుతాయి కూడా. తుప్పు వదిలించే నూనె స్ప్రే మాత్రం కొట్టకండి. ఆ రోజుకి బాగుంటుంది, తర్వాత ఆ జిడ్డుకి దుమ్ము అంటుకుని మొదటికన్నా అధ్వానం అవుతుంది. రెండో పని, బోర్డుకి కరెంటిచ్చి, కాంటాక్టులు వదిలి ఉన్నప్పుడు ఏ, బి పిన్నుల మీద వోల్టేజి చూడండి. చిన్న పరికరాల్లో సాధారణంగా 3.3 వోల్టులో 5 వోల్టులో ఉండాలి. ఒకదాని మీద ఉండి రెండోదాని మీద లేకపోతే తప్పు ఎన్‌కోడర్‌ది కాకపోవచ్చు. పక్కనుండే రెసిస్టర్ తెగినా, చిన్న కెపాసిటర్ లీకైనా, రిబ్బన్ కేబుల్ వదులైనా ఇదే రోగలక్షణం.

సరే, మార్చాల్సిందే అని తేలింది. చాలామంది ముక్క మీద నంబర్ వెతుకుతారు. ఉంటే అదృష్టం. మామూలుగా దాని మీద ఉండేది కంపెనీ గుర్తు, తయారైన వారానికి సంబంధించిన కోడ్, అంతే. ఒకే బాడీతో పదుల రకాలు తయారవుతాయి కాబట్టి బాడీ చూసి ఆర్డరివ్వడం అంటే చొక్కా రంగు చూసి సైజు చెప్పడమే. నేను చేసిందీ అదే.

కొలతల విషయం త్వరగా ముగిస్తాను, వెర్నియర్ కాలిపర్ ఉంటే ఐదు నిమిషాల పని. బాడీ వెడల్పు 12 మిల్లీమీటర్ల దగ్గర ఉండి, మూడు పిన్నుల మధ్య ఎడం 2.5 మిల్లీమీటర్లు ఉంటే అది 11 సైజు కుటుంబం. సందేహం లేకుండా ఎక్కువగా దొరికేది ఇదే. షాఫ్టు మందం ఎక్కువగా 6 మిల్లీమీటర్లు. ఒక పక్క చెక్కి చదును చేసిందా, లేక పళ్లు ఉండి మధ్యలో చీలిందా చూడండి, రెంటికీ నాబ్‌లు వేరు. షాఫ్టు పొడవు దగ్గర చాలామంది మోసపోతారు. 15 మిల్లీమీటర్లు, 20 మిల్లీమీటర్లు అని రాసేది నట్టు పైనుంచి కనిపించే పొడవు కాదు, బాడీ పై ముఖం నుంచి షాఫ్టు కొస దాకా. మర ఉన్న మెడ కూడా అందులో కలిసే ఉంటుంది. ఆ మర కూడా చూడాలి: 11 సైజులో ఎక్కువగా 7 మిల్లీమీటర్ల మర, పెద్దవాటిలో 9. ప్యానెల్ రంధ్రం 7 అయితే 9 మర దూరదు, రంధ్రం పెద్దది చేస్తే మళ్లీ వెనక్కి రాలేరు. బోర్డుకి నిలువుగా నిలబడేదా, పక్కకి వాలేదా అన్నదీ చూసుకోవాలి. స్విచ్ ఉంటే నొక్కే లోతు కూడా ఒకటే కాదు. 0.5 మిల్లీమీటర్ల రకం, 1.5 మిల్లీమీటర్ల రకం రెండూ ఉన్నాయి. నాబ్‌కీ ప్యానెల్‌కీ మధ్య సందు తక్కువుంటే రెండోది పూర్తిగా దిగకముందే నాబ్ ప్యానెల్‌కి తట్టుకుంటుంది.

ఇవన్నీ సరిపోయాకే నా మిక్సర్ మొరాయించింది. పాతదానికి చుట్టుకు 24 క్లిక్కులు, కొత్తదానికీ 24 క్లిక్కులే. చేతికి తేడా తెలియలేదు. స్క్రీన్ మీద మాత్రం ఒక్క క్లిక్కుకి అంకె రెండేసి దూకుతోంది. 12 దగ్గర ఆపాలంటే 11 నుంచి 13కి పోతోంది. "ఇప్పుడు దయ్యం రెండు కాళ్లతో దూకతా ఉండాదన్నా" అన్నాడు కుర్రాడు. నవ్వొచ్చే పరిస్థితిలో నేను లేను.

క్లిక్కులు వేరు, పల్సులు వేరు. క్లిక్కు అనేది వేలికి తగిలే గుంట మాత్రమే, డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల కాగితంలో) డిటెంట్ అంటారు. ఒక స్ప్రింగు, చిన్న గాడి, అంతే. దానికి విద్యుత్తుతో సంబంధం లేదు. పల్సు అనేది పైన చెప్పిన నాలుగు దశల పూర్తి చుట్టు. కొన్ని ఎన్‌కోడర్లలో ఒక క్లిక్కు నుంచి ఇంకో క్లిక్కుకి పోయేలోపు నాలుగు దశలూ పూర్తవుతాయి: 24 క్లిక్కులు, 24 పల్సులు. ఇది పూర్తి చుట్టు రకం; చుట్టు అంటే ఇక్కడ నాబ్ చుట్టు కాదు, దశల చుట్టు. కొన్నిట్లో రెండు దశలే అవుతాయి: 24 క్లిక్కులు, 12 పల్సులు. ఇది సగం చుట్టు రకం. ఆల్ప్స్‌లో బాగా కనిపించే 30 క్లిక్కులు, 15 పల్సుల రకం కూడా ఈ రెండో జాతే. అసలు క్లిక్కులే లేని రకం కూడా ఉంటుంది, రేడియో ట్యూనింగ్ లాంటి వాటికి.

చిప్‌లో రాసిన ప్రోగ్రాం ఏ జాతికి రాశారో ఆ జాతికే సరిపోతుంది. సగం చుట్టుకు, అంటే రెండు దశలకు ఒకటి అని లెక్కపెట్టే ప్రోగ్రాం ఉన్న చోట పూర్తి చుట్టు రకం వేస్తే, ఒక్క క్లిక్కుకి రెండు దూకుతాయి. నాకు జరిగింది ఇదే. దీనికి తిరగేసి, పూర్తి చుట్టు ప్రోగ్రాం ఉన్న చోట సగం చుట్టు రకం వేస్తే రెండు క్లిక్కులు తిప్పితే గాని ఒకటి కదలదు. రెండో తప్పుకి బోల్తా పడేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే అది "కొత్తదీ లోపమే" అనిపిస్తుంది. పాపం ఆ కొత్త ముక్క ఏ పాపం చెయ్యలేదు.

ఈ తేడా కనుక్కోడానికి డేటాషీట్ అక్కర్లేదు. పాతదాన్ని బోర్డు నుంచి తీశాక మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (కనెక్షన్ ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్‌లో) పెట్టి ఒక కడ్డీ సి మీద, ఇంకోటి ఏ మీద ఉంచండి. ఒక్కో క్లిక్కు దగ్గర ఆగి వినండి. ఆగిన ప్రతి చోటా నిశ్శబ్దమేనా? మధ్యలో మాత్రమే బీప్ వచ్చి పోతుందా? అయితే పూర్తి చుట్టు రకం. ఒక క్లిక్కు దగ్గర బీప్, పక్క క్లిక్కు దగ్గర నిశ్శబ్దం, మళ్లీ బీప్, ఇలా వస్తే సగం చుట్టు రకం. పాడైన ముక్క అయినా పది క్లిక్కుల్లో ఏడెనిమిది నిజం చెబుతాయి, ధోరణి తెలిసిపోతుంది. తర్వాత నాబ్‌కి ఒక గీత పెట్టి చుట్టుకు ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టుకోండి. ఈ రెండు సంగతులు కాగితం మీద రాసుకున్నాకే ఆర్డర్ సంగతి.

బి మీద పెట్టి చూసినప్పుడు కొన్నిట్లో ఆగిన చోట బీప్ వచ్చీ రానట్టుంటుంది. అది రోగం కాకపోవచ్చు. కొన్ని ఆల్ప్స్ మోడళ్లలో క్లిక్కు దగ్గర 'ఏ' స్థితి మాత్రమే ఖాయం, 'బి' ఎలా ఉంటుందో చెప్పలేం అని కంపెనీయే డేటాషీట్‌లో రాస్తుంది. అందుకే "దిక్కు తిరగబడితే ఏ, బి మార్చేస్తే పోయె" అనే సలహాని నేను సగమే నమ్ముతాను. నాలుగు దశలూ చదివే ప్రోగ్రాం అయితే మార్చినా నడుస్తుంది. 'ఏ' మారినప్పుడల్లా 'బి'ని చూసే ప్రోగ్రాం అయితే, ఆ ఊగిసలాడే 'బి' వచ్చి 'ఏ' స్థానంలో కూర్చున్నాక ఊరికే ఉన్నప్పుడు కూడా అంకెలు వణుకుతాయి.

దిక్కు సంగతి ముందే చూసుకోవడం మేలు. నా దగ్గర ఉన్న ఏర్పాటు ఇది: పాత 5 వోల్టుల మొబైల్ చార్జర్, రెండు ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్. సి ని మైనస్‌కి కలిపి, ప్లస్ నుంచి ఒక ఎల్‌ఈడీ ద్వారా ఏకి, ఇంకోదాని ద్వారా బీకి తీగలు ఇస్తాను. ఒక్కోదాన్లో పోయేది 3 మిల్లీఆంపియర్ల దగ్గర, ఈ ముక్కలు తట్టుకునే 10 మిల్లీఆంపియర్లకి చాలా కింద. మెల్లగా కుడికి తిప్పితే రెండు దీపాల్లో ఏది ముందు వెలుగుతుందో కంటికి కనిపిస్తుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే వాదన ఉండదు. కుర్రాడికి కూడా ఇది చూపించాకే నా మీద నమ్మకం మళ్లీ కుదిరింది.

ఆర్డరిచ్చేటప్పుడు నంబర్ చదవడం వస్తే సగం బెడద తప్పుతుంది. ఉదాహరణకి బోర్న్స్ పీఈసీ11ఆర్-4215ఎఫ్-ఎస్0024. ఇందులో 4215లోని 2 అంటే 24 క్లిక్కులు, 15 అంటే షాఫ్టు పొడవు, ఎఫ్ అంటే చదును చెక్కిన షాఫ్టు, ఎస్ అంటే స్విచ్ ఉంది, చివరి 0024 చుట్టుకు పల్సులు. అంటే పూర్తి చుట్టు రకం. ఇలా రాసిన చోట కొనండి. "హై క్వాలిటీ ఎన్‌కోడర్, 5 పిన్" అని మాత్రమే రాసి ఫొటో పెట్టిన చోట కొంటే, వచ్చాక మళ్లీ మీటర్ పెట్టి మీరే లెక్కపెట్టుకోవాలి. ఆర్డుయినో (ప్రయోగాలకి వాడే చిన్న ప్రోగ్రాం బోర్డు) కిట్లతో వచ్చే చిన్న మాడ్యూళ్ల నుంచి ఊడబీకి వేసేవాళ్లకీ ఇదే మాట, అన్నీ ఒకలా రావు. మన ఊళ్లో దొరక్కపోతే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో వెతకడం పాత పద్ధతి. ఇప్పటికీ పనికొస్తుంది, కాకపోతే పాత ముక్క జేబులో ఉండాలి, మీటర్ సంచిలో ఉండాలి.

సెట్టింగ్ మార్చుకునే వీలున్న పరికరాలూ కొన్ని ఉన్నాయి. 3డీ ప్రింటర్లలో వాడే మార్లిన్ ఫర్మ్‌వేర్‌లో (చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రాంలో) ఒక మెట్టుకి ఎన్ని పల్సులో, దిక్కు తిప్పాలా వద్దా అన్నది మనమే మార్చి మళ్లీ ఎక్కించుకోవచ్చు. మిక్సర్లకి, వాషింగ్ మెషీన్లకి, కారు స్టీరియోలకి అలాంటి దయ ఉండదు. వాషింగ్ మెషీన్ ప్రోగ్రాం నాబ్ దగ్గర ఇంకో జాగ్రత్త: కొన్నిట్లో అది ఎన్‌కోడర్ కానే కాదు, ఒక్కో స్థానానికి ఒక్కో కోడ్ ఇచ్చే రోటరీ స్విచ్. దానికి పిన్నులు ఎక్కువ, పైగా నాబ్ మీద గీత ఉంటుంది. అది ఎక్కడుందో దానికి తెలుసు. అక్కడ మూడు పిన్నుల ముక్కతో పని కాదు.

రేకు రాపిడి లేని రకం ఒకటుంది, ఆప్టికల్. లోపల ఎల్‌ఈడీ, చీలికల బిళ్ల, కాంతిని చూసే సెన్సర్. దానికి ఏ, బి తో పాటు 5 వోల్టుల సప్లై, గ్రౌండ్ కూడా కావాలి. అలాంటి చోట మామూలు రకం పెట్టి నడపడం కుదిరినా రెసిస్టర్లు చేర్చాలి, కాంటాక్టులు తుళ్లే తుళ్లింతకి (తగిలేటప్పుడు క్షణకాలం తగిలి వదులుతూ అదరడానికి) మందు వెయ్యాలి. బోర్న్స్ తన మెకానికల్ ముక్కకి 5 మిల్లీసెకన్ల దాకా తుళ్లింత ఉండొచ్చని చెబుతుంది. ఆప్టికల్ కోసం రాసిన ప్రోగ్రాం దాన్ని ఊహించి ఉండదు. నేనైతే ఆ జోలికి పోను.

ఇదే ముక్కకి పెద్దన్నయ్య చీమకుర్తిలో కనిపిస్తాడు. గ్రానైట్ పలకలు కోసే యంత్రం ఎంత దూరం జరిగిందో కొలిచేది ఇలాంటి ఎన్‌కోడరే, కాకపోతే పిడికిలంత స్టీలు బాడీలో. అక్కడ పనిచేసే మిత్రుడొకరు ఒకసారి ఫోన్ చేశారు: "అన్నా, కొత్తది వేశాం, 300 సెంటీమీటర్లు కొయ్యమంటే 293 దగ్గర ఆపేస్తోంది". పాతది చుట్టుకు 1000 పల్సులది, దొరికింది 1024ది, "దగ్గర దగ్గరే కదా" అని బిగించారు. ఒక చుట్టు పూర్తి కాకముందే యంత్రానికి వెయ్యి పల్సులు అందుతున్నాయి. 300ని 1.024తో భాగించండి, 293 వస్తుంది. పలకకి ఏడు సెంటీమీటర్లు నష్టం.

ఆ పెద్ద రకాల్లో పల్సుల కన్నా ముందు చూడాల్సింది అవుట్‌పుట్ జాతి, అంటే సిగ్నల్‌ని తీగలోకి ఇచ్చే పద్ధతి. 5 వోల్టుల లైన్ డ్రైవర్ వేరు, 24 వోల్టులకూ పనికొచ్చే ఓపెన్ కలెక్టర్ వేరు. మొదటిదాన్ని 24 వోల్టుల తీగకి కలిపితే ఇక దాని కథ ముగిసినట్టే. ఓమ్రాన్ ఈ6బీ2-సీడబ్ల్యూజెడ్6సీ లాంటి వాటిలో గోధుమరంగు తీగ ప్లస్, నీలం సున్నా, నలుపు ఏ, తెలుపు బి, నారింజ జెడ్ (చుట్టుకు ఒక్కసారే వచ్చే పల్సు). వేరే కంపెనీకి ఈ రంగులే ఉంటాయని ఏమీ లేదు, నల్ల తీగ అంటే మైనస్ అనే ఇంటి అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. షాఫ్టుని యంత్రానికి కలిపే కప్లింగ్ బిగుసుకుంటే షాఫ్టు మీద సుత్తితో కొట్టకండి, లోపల ఉన్నది గాజు బిళ్ల కావొచ్చు.

మళ్లీ మిక్సర్ దగ్గరికి వస్తాను. రెండోసారి 24 క్లిక్కులు, 12 పల్సుల ముక్క కోసం నాలుగు రోజులు ఆగాల్సొచ్చింది. ఈలోగా మొదటి తప్పుని విప్పాలి. ఎన్‌కోడర్‌ని బోర్డు నుంచి తీసేటప్పుడు పక్కనుండే రెండు లావు కాళ్లే విలన్లు. అవి పెద్ద రాగి పరుపులోకి దిగి ఉంటాయి, చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడిని అది తాగేస్తుంది. బలంగా లాగితే కాళ్లతో పాటు రాగి కూడా లేచి వస్తుంది. ఎలాగూ పారేసే ముక్క కాబట్టి బాడీ రేకు చెవులు వంచి, పై భాగాన్ని ఊడదీసి, కట్టర్‌తో పిన్నుల్ని ఒక్కొక్కటిగా తెంచి, ఆ తర్వాత ఒక్కో కాలునీ విడిగా వేడి చేసి తీస్తాను. రంధ్రాలు విక్‌తో (కరిగిన సోల్డర్‌ని పీల్చే రాగి అల్లికతో) శుభ్రం చేశాక కొత్తది దానంతట అదే కూర్చోవాలి. సోల్డర్ పెట్టే ముందు ప్యానెల్‌కి నట్టు వదులుగా బిగించి చూసుకుంటాను. లేకపోతే షాఫ్టు పక్కకి వాలి, నాబ్ రంధ్రం అంచుకి రాసుకుంటుంది.

ఆ సాయంత్రం కుర్రాడు ఒక్కో క్లిక్కూ లెక్కపెడుతూ సున్నా నుంచి ముప్ఫై దాకా తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. మిక్సర్ ఎత్తుకుని పోతూ "మొదట వేసింది ఏం చేస్తావన్నా?" అని అడిగాడు. 24/24 అని కాగితం ముక్క అతికించి సొరుగులో వేశాను. సొరుగులో కాగితం లేని ఎన్‌కోడర్లు ఇంకో పదకొండు ఉన్నాయి. ఆదివారం మీటర్ పట్టుకుని వాటి పని పట్టాలి.